అశ్వహృదయ మెఱిగినవాని సీమలో

ఐర్లండు ద్వీపపు దక్షిణమున కార్క్ నగరమును విడిచి ఉత్తరదిశగా పోవు బాటసారిని మొట్టమొదట ఆవరించునది పచ్చదనము. పచ్చదనమనగానే మనకు కోనసీమ వరిచేలు స్ఫురించును గాని, ఇది ఆ జాతికి చెందినది కాదు. మన పచ్చ నాటుతో మొదలై కోతతో ముగియును. నడుమ కొన్నాళ్లు పసిడివన్నె దాల్చి రైతు గుండెను నింపి మరలిపోవును. అచ్చటి పచ్చ గడ్డిది. సన్నని వానతుంపర దినమున కెన్నిమారులో వచ్చి పోవుచుండగా, శీతకాలమున సైతము వాడక, గట్లమీది ముళ్లపొదల కంచెల నడుమ గదులు గదులుగా విభక్తమై, కొండవాలులమీదుగా కనుచూపుమేర పఱచుకొని యుండును. ఆ గదులలో ఆవులు, గొఱ్ఱెలు, వానితో సమానమైన హక్కుతో గుఱ్ఱములును మేయుచుండును. ఇఱుకు బాటలో ఎదురుపడిన ప్రతి వాహనచోదకుడును, ముక్కుమొగ మెఱుగని నాకు, చేతిలోని చక్రముపైనుండి ఒక్క వ్రేలు మాత్రము పైకెత్తి వందనము చేసి పోవుచుండెను. నమస్కారమునకు రెండుచేతులును కావలెనని నమ్మిన దేశమువాడ నగుటచే ఈ ఏకాంగుళీవందనము తొలుత నాకు కొఱతగా తోచెను. కొలదికాలములోనే నేనును బాటప్రక్కన నడచుచు వ్రేలెత్తుట కలవాటుపడితిని.

నేను పోయినది గుఱ్ఱముల కొఱకు. అందునను వాని నెక్కి పేరుపొందినవారి కొఱకు గాక, వానిని పందెములకు సిద్ధపఱచిన ఒకానొక మనుష్యుని అడుగుజాడల కొఱకు. విన్సెంట్ ఓబ్రయన్ అను నాతడు 1917 ఏప్రిల్ 9న కార్క్ మండలమందలి చర్చ్‌టౌన్ అను పల్లెలో జన్మించి, 2009 జూన్ 1న తొంబదిరెండేండ్ల వయస్సున కిల్డేర్ మండలమున కన్నుమూసెను. ‘రేసింగ్ పోస్ట్’ పత్రిక 2003లో జరిపిన ఎన్నికలో పందెపురంగపు మహనీయు లందఱిలోను ప్రథమస్థాన మాతనికే దక్కెను. హైదరాబాదులో ఆఱవ నిజాము కాలమున, 1886లో, మలక్‌పేటకు చేరిన పందెపు మైదానమును ఎఱిగినవారికి వేకువజామున సైసులు గుఱ్ఱములను నడిపించుకొని పోవు దృశ్యము కొత్త గాదు. అచ్చట జాకీ పేరు జనుల నోట నానును, యజమాని పేరు బహుమతిపాత్రమీద చెక్కబడును; ట్రైనరు మాత్రము టోపీ కన్నులపైకి లాగికొని కంచెప్రక్కన నిలుచుండును. ఆ నిలుచున్నవాడు చేయుపని యేమి యను జిజ్ఞాసయే నన్నంత దూరము నడిపించినది.

చర్చ్‌టౌన్‌కు సమీపమున బటవెంట్ అను చిన్న ఊరు కలదు. 1752లో ఎడ్మండ్ బ్లేక్, కార్నీలియస్ ఓకల్లహన్ అను నిరువురు పెద్దమనుష్యులు పందెము కట్టుకొని, ఆ ఊరి దేవాలయమునుండి డోనరేల్ దేవాలయము వఱకు సుమారు నాలుగున్నర మైళ్లు, అడ్డువచ్చిన గట్లను, గోడలను, కాలువలను దాటించుచు గుఱ్ఱములను దౌడుతీయించిరట. దూరమున కనవచ్చు గోపురశిఖరమే వారికి గమ్యసూచకము. కంచెలు దాటించు పందెములకు చరిత్ర చెప్పువారు దీనినే ఆదిగా పేర్కొందురు. అట్టి నేలలో పుట్టిన పిల్లవానికి గుఱ్ఱపువిద్య బడిలో నేర్చుకొనవలసిన పని యుండునా? విన్సెంట్ చదువు పెందలకడ ముగించి, లెపర్డ్స్‌టౌన్‌లో ఒక శిక్షకునియొద్ద కొంతకాలము పనిచేసి, పిమ్మట వ్యవసాయముతోపాటు కొలదిపాటి గుఱ్ఱములను సాకుచుండిన తండ్రికి తోడ్పాటుగా నిలిచెను. 1943లో తండ్రి గతించగా, పొలము ప్రథమకళత్ర సంతతికి పోయెను. విన్సెంట్‌కు మిగిలినవి అనుభవము, చూపు. సవతి యన్నయొద్దనే సాలలను, మైదానమును అద్దెకు తీసికొని, 1944లో ఐరిష్ కేంబ్రిడ్జిషైర్ పందెమున డ్రైబాబ్ అను గుఱ్ఱముతో సమానవిజయమును, ఐరిష్ సెసరవిచ్‌లో గుడ్ డేస్‌తో పూర్ణవిజయమును సాధించెను. ఆ రెండింటిమీద తానొడ్డిన స్వల్పధనము గణనీయమైన మొత్తమై తిరిగివచ్చి సాలలకు దాణా సమకూర్చెను. తొలినాళ్ల ఓబ్రయన్ గుఱ్ఱముల మేపుచు, గుఱ్ఱములమీద పందెములు కాయుచు, ఆ గెలుపుతోనే మరల గుఱ్ఱముల మేపిన మనుష్యుడు.

ఈ వృత్తాంతమును ఆ పల్లెదారిలో తలపోయుచుండగా నాకు నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చెను. గుఱ్ఱపు మనసెఱిగిన నలచక్రవర్తి పాచికల మనసెఱుగక రాజ్యమును పోగొట్టుకొనెను. బాహుకుడై ఋతుపర్ణుని రథమును తోలునపుడు తన అశ్వహృదయమునకు మారుగా ఆతని అక్షహృదయమును గ్రహించి గాని కలిని వదలించుకొనజాలకపోయెను. ఈ రెండు విద్యలను ఒకే కథలో, ఒకే రథముమీద కూర్చుండబెట్టిన ప్రాచీనుల వివేకమునకు నేను విస్మయమొందితిని. పందెపు మైదానమున కంచెకీవల వేలాదిమంది అక్షహృదయము కొఱకు అర్రులు చాచుచుందురు. కంచెకావల ఒక్కడు అశ్వహృదయముతో మౌనముగా నిలుచుండును. పేదవాడై ఆరంభించినవానికి మొదటి విద్య లేనిదే రెండవది సాగదు; కాని మొదటిదానితోనే ఆగిపోయినవాడు జూదరిగా మిగిలిపోవును గాని ఓబ్రయన్ కాలేడు.

ఆ పల్లెలో మొదలిడి ఆతడు సాధించిన విజయములు అద్భుతములు. పరీక్షించిన పశువైద్యుడు వలదన్న కాటేజ్ రేక్ అను గుఱ్ఱమును 1948, 1949, 1950లలో వరుసగా చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ విజేతను చేసెను. చూపునకు అనాకారియైన హాటన్స్ గ్రేస్ అను చిన్న గుఱ్ఱము తొమ్మిది, పది, పదునొకండేండ్ల వయస్సులలో, 1949 మొదలు 1951 వఱకు, చాంపియన్ హర్డిల్‌ను వరుసగా గెలిచెను. ఓడలలో సముద్రము దాటుటకు మాత్రమే అలవాటుపడిన ఐరిష్ గుఱ్ఱములను 1949లో విమాన మెక్కించి ఆంగ్లదేశమునకు చేర్చెను. ప్రపంచమందలి కఠినతమపు పందెములలో నొకటియైన గ్రాండ్ నేషనల్‌ను 1953లో ఎర్లీ మిస్ట్‌తో, 1954లో రాయల్ టాన్‌తో, 1955లో క్వేర్ టైమ్స్‌తో గెలిచెను. మూడేండ్లు వరుసగా, మూడు వేర్వేరు గుఱ్ఱములతో! ఒక్క మహాశ్వము దొరకుట అదృష్టము కావచ్చును; మూడింటికి మూడు విధములుగా తోవచూపుట విద్య.

కార్క్ నుండి టిప్పరేరి మండలమునకు పోవుదారి ‘స్వర్ణమయమైన లోయ’ యని పేరుగన్న పాడిసీమగుండా సాగును. దక్షిణమున గాల్టీ పర్వతములు మేఘములను తలపాగలుగా చుట్టుకొని కూర్చుండును. ఈ నేల యడుగున సున్నపుఱాయి కలదు. ఆ ఱాతిసారము గడ్డిలోనికెక్కి గుఱ్ఱపుపిల్లల ఎముకలకు గట్టిదనము నిచ్చునని అచ్చటి రైతులందఱును ఏకకంఠముగా చెప్పుదురు. ఒక పొలమింట అల్పాహారమునకు కూర్చుండినపుడు గృహిణి, వృద్ధురాలు, ఈస్టు లేక మజ్జిగతోను సోడాతోను కాల్చిన గోధుమరొట్టెను, దానికంటె మందముగా వెన్నను, మన ఇరానీ చాయివలె చిక్కనైన పాలతేనీటిని తెచ్చి ముందుంచెను. “ఇంకొక కప్పు పోయనా అయ్యా?” అని ఆమె యడుగగా, “వద్దమ్మా” అంటిని. “పోనీ, సగమైనా?” అనెను. “చాలునమ్మా” అంటిని. “ఒక్క చుక్కయైనా తాగకపోతే ఎట్లా?” అని కప్పు నింపివేసెను. మొదటిమారు వద్దనుటయు, మూడవమారు ఒప్పుకొనుటయు అచ్చటి మర్యాదయని నేను పిమ్మట గ్రహించితిని. మొహమాటమను సద్గుణము గోదావరితీరమునకే సొంతమని నేను భావించుచుంటిని. అట్లాంటిక్ తీరమున దానికి దాయాదులున్నారు.

క్యాషెల్ దుర్గశిల ఆ పచ్చికమైదానమునుండి హఠాత్తుగా పైకిలేచిన సున్నపుఱాతి గుట్ట. మన్‌స్టర్ రాజుల పీఠమై యుండి, 1101లో మతపీఠమునకు దానముగా నీయబడినది. 1134లో ప్రతిష్ఠితమైన కోర్మాక్ ప్రార్థనాలయము నేటికిని శిథిలముల నడుమ సొగసుగా నిలిచియున్నది. ఇచ్చట ఎంగస్ అను రాజునకు పాట్రిక్ ఋషి మతదీక్ష నొసగునపుడు చేతిదండపు మొన పొరపాటున రాజుగారి పాదమున దిగబడెననియు, అదియును దీక్షావిధిలో భాగమేయని తలచి రాజు కిమ్మనక నిలిచెననియు ఐతిహ్యము. ఆ గుట్టమీదనుండి చూచినపుడు దక్షిణముగా రోజ్‌గ్రీన్ గ్రామము దిక్కున పొలములు కనవచ్చును. అచ్చటనే బాలిడాయిల్.

1951లో ఓబ్రయన్ బాలిడాయిల్ వ్యవసాయక్షేత్రమును కొని, ఆ యేటనే ఆస్ట్రేలియా దేశపు పెర్త్ నగరమునుండి వచ్చిన జాక్వెలిన్‌ను పెండ్లాడి, అచ్చట కాపురము పెట్టెను. గట్లను, కంచెలను పెరికించి చదునుచేయించి పరుగుబాటలు వేయించెను. ఎప్సమ్ డెర్బీబాటలో గుఱ్ఱములను తికమకపెట్టునది ఎడమకు తిరుగుచు పల్లమునకు దిగు టాటెన్‌హామ్ మలుపు. దానికి ప్రతిరూపమును తన పొలములోనే కట్టించి, పరీక్షకు పోవు విద్యార్థికి ప్రశ్నపత్రమును ముందుగనే చూపినట్లు, పిల్లగుఱ్ఱముల కలవాటు చేయించెను. ఆ క్షేత్రమునకు పరాయివారికి ప్రవేశము లేదు. నేను బాటమీదనే నిలిచి, పొదలకంచె సందులనుండి, పొడవైన వరుసలో నడచిపోవు గుఱ్ఱముల వీపులను, వానిమీద వంగిన యువకుల టోపీలను మాత్రము చూచితిని. అంతే చాలినది. విద్యాస్థానమును వెలుపలినుండి చూచుటలో గౌరవ మొకటి కలదు.

1957లో బాలిమాస్ అను గుఱ్ఱము సెయింట్ లెజర్‌ను, మఱుసటియేట పారిస్‌లో ఆర్క్ పందెమును గెలువగా, ఓబ్రయన్ కంచెలపందెములను విడిచి చదునుపందెములకు మరలెను. 1962లో లార్క్‌స్పర్‌తో మొదలిడి, సర్ ఐవర్, నిజిన్స్కీ, రాబర్టో, ది మిన్‌స్ట్రెల్, 1982లో గోల్డెన్ ఫ్లీస్‌తో ముగించి, ఆఱు ఎప్సమ్ డెర్బీలను కైవసము చేసికొనెను. వానిలో నిజిన్స్కీ కథ వినదగినది. 1968లో కెనడాదేశమున వేఱొక గుఱ్ఱమును చూచి రమ్మని యజమాని చార్లెస్ ఎంగెల్‌హార్డ్ పంపగా, ఓబ్రయన్ ఆ గుఱ్ఱమును కాదని, ప్రక్కననే యున్న నార్తర్న్ డాన్సర్ అను గుఱ్ఱపు సంతతిని కోరెను. 84,000 కెనడా డాలర్లకు కొన్న ఆ పిల్లగుఱ్ఱము బాలిడాయిల్‌కు వచ్చి ఓట్సు ముట్టలేదు. పుట్టినచోట దానికి మేతగుళికల అలవాటు. మన తాతలు బండిగుఱ్ఱములకు ఉలవలు నానబెట్టినట్లు, అచ్చట ఓట్సు లేనిదే అశ్వాహారము లేదు. ఇతరుడైనచో ఆకలికి తానే తినునని ఊరకుండెడివాడు. ఓబ్రయన్ ఆ గుళికలను కెనడానుండి తెప్పింప నేర్పాటు చేసెను. అవి వచ్చుసరికి గుఱ్ఱము ఓట్సు తినుట ప్రారంభించియే యుండెను! ఈ కథను పలువురు హాస్యముగా చెప్పుదురు. నాకు మాత్రము ఆతని విద్య యావత్తును ఇందే ఇమిడియున్నట్లు తోచినది: తన అలవాటునకు గుఱ్ఱమును లొంగదీయుటకు ముందు, గుఱ్ఱపు అలవాటునకు తాను కొంత వంగుట.

1970లో నిజిన్స్కీ రెండువేల గినీల పందెమును గెలిచి డెర్బీకి వచ్చెను. పందెమునకు ముందునాడు కడుపునొప్పితో పెనగులాడెను. మందిచ్చినచో పందెపునియమము చెడును. కావున గడ్డి, తవుడు, సోడాక్షారములతోనే ఉపశమింపజేసిరి. మఱునాడు లెస్టర్ పిగట్ స్వారిలో అది అనాయాసముగా గెలిచెను. వేసవి ముగియునపుడు చర్మముపై తామర సోకి బలహీనమైనను, సెయింట్ లెజర్ కూడ గెలిచి, మూడుకిరీటముల గౌరవమును సంపాదించెను. ఆ పిమ్మట నేటివఱకు ఆ గౌరవము మఱియొక గుఱ్ఱమునకు దక్కలేదు. కాని ఆ పరుగు దానిని లోలోపల కరగించెను, బరువు తగ్గిపోయెను. మూడువారములకే పారిస్‌లో ఆర్క్ పందెమున ససాఫ్రాస్ అను గుఱ్ఱమునకు తలప్రమాణముచే ఓడిపోయెను. అనంతరము చాంపియన్ స్టేక్స్‌లో కూడ ఓడెను. పరుగెత్తించుటలో అద్వితీయుడైనవాని జీవితమున మిక్కిలి ప్రసిద్ధమైన ఓటమి, ఆపవలసినచోట ఆపకపోవుటవలన సంభవించినది. కిరీటపు ఆశ యజమానిదా, దేశపుదా, ఆతనిదా? ఎవ్వరిదైనను, విద్యలో చివరి యధ్యాయము ‘వద్దు’ అని చెప్పుటయేయని ఆ శరదృతువు బోధించినది. మన తల్లిదండ్రులు పిల్లలను పరీక్షనుండి పరీక్షకు తోలుకొనిపోవు విధమును తలచుకొని నేను చాలసేపు మాటాడక కూర్చుంటిని.

బాలిడాయిల్‌కు తూర్పున ఫెథర్డ్ అను ప్రాకారపట్టణము కలదు. పదునేడవ శతాబ్దపు పురసభామందిరమున ఇపుడు అశ్వచరిత్ర ప్రదర్శనశాల నడచుచున్నది. అదే వీధిలో ఒకే కప్పు క్రింద మద్యశాలయు, భోజనశాలయు, అంత్యక్రియల వ్యాపారమును నడుపుచున్న గృహము కలదు; జీవితపు మూడవస్థలను ఒకే గుమాస్తా లెక్కవ్రాయుటలో ఐరిష్‌వారికి వింత కనుపింపదు. అచ్చట చిన్ననాట గుఱ్ఱపుసాలలలో పనిచేసిన ఒక ముదుసలి నాతో మాట కలిపెను. “మీ దేశంలో గుఱ్ఱాలున్నాయా?” అని అడిగెను. ఉన్నవంటిని. “నాలుగు కాళ్లూ తెల్లగా ఉన్నదాన్ని కొంటారా?” అనెను. నేను నవ్వి, ముఖమునను, నాలుగుకాళ్లయందును తెలుపుగల గుఱ్ఱమును మేము పంచకల్యాణి యందుమనియు, ఇంటిముందు కట్టినచో ఐశ్వర్యమని నమ్ముదుమనియు చెప్పితిని. ఆతడు కన్నులు పెద్దవిచేసెను. పాశ్చాత్యులయందు అట్టి గుఱ్ఱము అపశకునము. 1977లో డెర్బీ గెలిచిన ది మిన్‌స్ట్రెల్ సరిగా పంచకల్యాణియే. చాలమంది శంకించిన ఆ ఎఱ్ఱగుఱ్ఱము జనసమ్మర్దపు హోరుకు బెదరకుండ ఓబ్రయన్ దాని చెవులలో దూది పెట్టించి, పందెము మొదలగుచోట తీయించెను. అది డెర్బీతోపాటు ఐరిష్ డెర్బీని, కింగ్ జార్జ్ పందెమును గూడ గెలిచెను. “మా పని పగలంతా చూడడమేనయ్యా,” అనెను ముదుసలి. “సాయంత్రం కాళ్లు తడిమి వేడి ఉందేమో చూడాలి. తొట్టిలో దాణా ఎంత మిగిల్చిందో చూడాలి. గుఱ్ఱం అబద్ధం చెప్పదు. మనకే వినే ఓపిక ఉండదు.”

ఉత్తరముగా కిల్డేర్ మండలమున కర్రా మైదానము సుమారు ఐదువేల యెకరముల మేర కంచె లేని పచ్చిక. బ్రిజిడ్ యను సన్న్యాసిని తన దుప్పటి పఱచినంత నేల నిమ్మని రాజు నడుగగా, దుప్పటి పెరిగి పెరిగి మైదానమంతయు కప్పెనట. మన వామనుని కథలో దాత పాతాళమునకు పోయెను గాని ఇచ్చట నేల అందఱి ఉమ్మడిసొత్తుగా మిగిలెను. వేకువను చూచినచో గొఱ్ఱెలమందల నడుమనుండియే పందెపుగుఱ్ఱములు ఆవిరులు చిమ్ముచు దౌడుతీయును. ఈ మైదానమే ఓబ్రయన్ అవమానమునకును సాక్షి. 1960లో ఇచ్చట పరుగెత్తిన చామూర్ అను గుఱ్ఱపు పరీక్షలో అత్యల్పమైన ఉత్తేజకపుజాడ కనబడగా, ఎవరు చేసినను శిక్షకుడే బాధ్యుడను నియమము ననుసరించి ఆతని అనుమతిపత్రమును రద్దుచేసిరి. ఆతడు సొంత ఇంటినే విడిచిపోవలసివచ్చెను. తమ్ముడు ఫాన్సీ పేరిట సాలలు నడచెను. అదే యేడు అదే చామూర్ ఇదే మైదానమున ఐరిష్ డెర్బీని గెలిచెను. అపుడు విజేతను చుట్టుముట్టిన జనులు ‘విన్సెంట్ ఏడీ, విన్సెంట్ కావలె’నని కేకలువేసిరి. కాలక్రమమున శిక్ష తగ్గింపబడి, 1961 వసంతమున ఆతడు తిరిగివచ్చెను. న్యాయాధికారులకంటె జనులు ముందుగ తీర్పు చెప్పిన సందర్భములు లోకమున కలవు. అవి యన్నియు సరియైనవని చెప్పజాలను గాని, ఇది సరియైనదని ఆతని మిగిలిన జీవితమే ఋజువు పలికినది.

సమీపమున టల్లీలో ఐరిష్ జాతీయ అశ్వశాల కలదు. ఇరువదవ శతాబ్దారంభమున దానిని స్థాపించిన హాల్ వాకర్ ప్రతి పిల్లగుఱ్ఱమునకును జాతకము వేయించి, నక్షత్రకాంతి సోకుటకు సాలల పైకప్పులలో గవాక్షములు పెట్టించెను. మన అశ్వశాస్త్రములును సుడులను, వర్ణములను లెక్కించి ఫలము చెప్పినవే. మనుమంచి భట్టు తెనుగులో ఆ విద్యను పద్యములకెక్కించెను. లక్షణశాస్త్రము నేను తృణీకరింపను. కాని నక్షత్రములు పుట్టినపూట చెప్పినది ఒక్కమారే. తొట్టిలో మిగిలిన దాణా ప్రతి సాయంకాలమును చెప్పుచుండును. ఓబ్రయన్ ఆ రెండవదానిని చదివినవాడు.

1990లో, డెబ్బదిమూడేండ్ల వయస్సున, విరమించి మరల స్వారికి వచ్చిన ఏబదినాలుగేండ్ల పిగట్‌తో న్యూయార్కులో రాయల్ అకాడమీ అను గుఱ్ఱమును గెలిపించి, 1994లో ఆతడు పని చాలించెను. నేడు బాలిడాయిల్‌లో శిక్షకుడు ఏడన్ ఓబ్రయన్. ఇంటిపేరు ఒకటే యైనను బంధుత్వము లేదు. వంశము రక్తముచేత గాక విద్యచేత సాగినది. ఆఱు డెర్బీల లెక్కను ఈ రెండవ ఓబ్రయన్ ఎన్నడో దాటెను. అయినను 2012లో ఆయన గుఱ్ఱము కామెలాట్ మూడుకిరీటముల తుదిమెట్టున, సెయింట్ లెజర్‌లో, రెండవదై ఆగిపోయెను. నిజిన్స్కీ పిమ్మట ఆ త్రోవ అట్లే ఖాళీగా నున్నది.

ఇంటికి వచ్చిన పిమ్మట మలక్‌పేట పందెములయందు చిరకాలాసక్తిగల నా మిత్రుడొకడు వార్త విని పరుగున వచ్చెను. నేను నిజిన్స్కీ ఓట్సు ముట్టనికథను, చెవులలోని దూదిని, కాళ్లు తడిమి వేడి చూచు విధమును సవిస్తరముగా వర్ణించితిని. ఆతడు కాఫీ పూర్తిగా త్రాగి, ఓపికతో విని, జేబునుండి పందెపుపుస్తకమును తీసి నా ముందుంచి, “ఇదంతా బాగానే ఉందోయ్, ఇంతకూ ఈ ఆదివారం మూడో పందెంలో దేనిమీద వేయమంటావు?” అని అడిగెను. నా యాత్రాఫలమంతయు అశ్వహృదయమే యనియు, అక్షహృదయము నాకు అబ్బలేదనియు విన్నవించుకొంటిని. “అయితే అంత దూరం పోయి ఏం తెచ్చావోయ్?” అని ఆతడు నిరాశతో లేచిపోయెను. ఆ ఆదివారము నేనును మైదానమునకు పోయితిని. పందెము వేయలేదు, కంచెప్రక్క నిలిచిన ట్రైనరులనే చూచి వచ్చితిని. మా మిత్రుడు ఓడెనని వేఱుగా చెప్పనక్కఱలేదు.